చేతులు వెనక్కి కట్టుకుని నేర్చుకున్న చదువు

పిల్లల నర్సింగ్‌లో డిగ్రీ చేస్తున్నానని చెబితే చాలు, ఎదుటివాళ్ళ మొహంలో ఒక రకం ముద్దు నవ్వు వచ్చేసేది. "అబ్బ, ఎంత హాయి, రోజంతా పిల్లలతో ఆడుకోవడమేగా" అనేవాళ్ళు కొందరు. ఇంకొందరు కాస్త జాలిగా, "దానిక్కూడా ఏళ్ళ తరబడి చదవాలా? పిల్లల్ని చూసుకోవడం ఆడవాళ్ళకి వచ్చేదేగా" అనేవాళ్ళు. మా క్లాసులో ఉన్న మగపిల్లల అవస్థ ఇంకోటి, వాళ్ళని వార్డులో చూసిన ప్రతివాళ్ళూ డాక్టర్ గారూ అని పిలిచేవాళ్ళు, కాదండీ నర్సింగ్ స్టూడెంట్‌నండీ అంటే మొహం అదోలా పెట్టేవాళ్ళు. కొన్నాళ్ళు ఓపిగ్గా జవాబు చెప్పాను, తర్వాత నవ్వి ఊరుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుంటే, అసలు ఆ ఏళ్ళలో మేం ఏం చదివామో రాయాలనిపించింది.

కొన్ని దేశాల్లో మొదటి డిగ్రీయే పిల్లల నర్సింగ్‌లో చేయొచ్చు, కొన్ని చోట్ల ముందు జనరల్ నర్సింగ్ చదివి ఆ తర్వాత పైచదువుగా ఇది తీసుకోవాలి. ఏ దారిన వెళ్ళినా మొదట్లోనే వినపడే మాట ఒకటుంది: పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్ళు కాదు. ఇందులో చదవడానికి ఏముంది అనుకున్నాం. ఒక్కొక్కటీ చెబుతూ పోతుంటే మాత్రం నోరు మూతపడింది. మొదటి కొన్ని నెలలు చంటిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు కాబట్టి మామూలు జలుబుతో ముక్కు మూసుకుపోయినా పాలు తాగలేరు. పుట్టినప్పుడు ఒంటి పొడవులో తలే పావు వంతు. బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి ఒంట్లో వేడి ఇట్టే పోతుంది. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది రక్తం లెక్క. కిలోకి దాదాపు 80 మిల్లీలీటర్లు అంటే మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి ఒక మంచినీళ్ళ గ్లాసు నిండదేమో. అందుకే నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పరీక్షల కోసం తీసిన రక్తాన్ని కూడా ఎప్పటికప్పుడు చార్టులో రాసి కూడుతూ ఉంటారు. పెద్దవాళ్ళ వార్డులో ఆ లెక్క ఎవరూ అంతగా పట్టించుకోగా నేను చూడలేదు.

మొదటి పోస్టింగ్‌లో మా ట్యూటర్ మేడమ్ పెట్టిన రూలు, చేతులు వెనక్కి కట్టుకోవాలి. నిజంగానే. బిడ్డ మంచం కాళ్ళ వైపు నిలబడి, చేతులు వెనక కట్టుకుని, ముట్టుకోకుండా, మాట్లాడకుండా చూడాలి. ఒంటి రంగెలా ఉంది, ఎలా పడుకుంది, చుట్టూ జరుగుతున్నది గమనిస్తోందా, అమ్మ ఒళ్ళో ఉంటే అమ్మ మీదికి ఒరిగిందా లేక వేలాడిపోయినట్టు ఉందా, ఊపిరి ఎలా తీస్తోంది. ఇవన్నీ చూసి పుస్తకంలో రాసుకున్నాకే దగ్గరికి వెళ్ళనిచ్చేవారు. ఎందుకంటే మనం ముట్టుకోగానే బిడ్డ ఏడుస్తుంది, ఏడిస్తే ఊపిరీ గుండె వేగమూ రెండూ మారిపోతాయి, ఇక ఆ లెక్కతో పని లేదు. స్టెతస్కోపు మెడలో వేసుకున్న సంబరంలో ఉన్న మాకు ఇది చాలా అవమానంగా అనిపించేది. పైగా చూసేవాళ్ళకి మేం పనీ పాటా లేకుండా నిలబడినట్టే ఉండేది. ఒక ముసలావిడ మనవడి పక్కన కూర్చుని నన్ను కాసేపు చూసి చూసి, "ఏంటమ్మాయ్ అలా గుడ్లప్పగించి చూస్తావు, ఏదైనా మందెయ్యరాదూ" అని గట్టిగానే అంది. వార్డంతా నవ్వింది.

ఊపిరి లెక్కపెట్టడమొక్కటే ఎన్ని రోజులు చేయించారో. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించేస్తే ఒప్పుకునేవారు కాదు, నిండు నిమిషం లెక్కపెట్టాల్సిందే, ఎందుకంటే చంటిపిల్లల ఊపిరి ఒక తీరున సాగదు, గబగబా కొన్ని తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెడతారు. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా పైన ఉంటే వేగంగా ఉన్నట్టు, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఈ మూడు అంకెలూ ఇప్పుడు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అంకె ఒక్కటే కాదు, ముక్కుపుటాలు ఎగరేస్తోందా, డొక్కలు ఎగరేస్తోందా, ఊపిరి వదిలేటప్పుడు చిన్నగా మూలుగు వినిపిస్తోందా అన్నవి కూడా. గోల గోలగా ఏడుస్తున్న పిల్లాడి దగ్గరికి అందరూ పరిగెత్తుతారు. మేడమ్ మమ్మల్ని పంపేది మూల మంచంలో చప్పుడు చేయకుండా పడుకున్న బిడ్డ దగ్గరికి. ఏడవడానికి కూడా ఓపిక లేని బిడ్డని ముందు చూడాలి అనేవారు.

ఇక లెక్కలు. ఇంటర్ తర్వాత లెక్కల పీడ వదిలిందనుకుని నర్సింగ్‌లోకి వచ్చినవాళ్ళే మాలో సగం మంది. తీరా ఇక్కడ చూస్తే తెల్లారి లేస్తే లెక్కలే. పెద్దవాళ్ళకైతే ఒక మాత్ర, రెండు మాత్రలు. పిల్లలకి ప్రతిదీ కిలోల్లో. పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములనుకుంటే ఎనిమిది కిలోల బిడ్డకి 120 మిల్లీగ్రాములు, ఇంతవరకు బాగానే ఉంది. సిరప్ సీసా 5 మిల్లీలీటర్లలో 120 ఉన్నదైతే సరిగ్గా 5 మిల్లీలీటర్లు పోయాలి, అదే 5 మిల్లీలీటర్లలో 250 ఉన్న సీసా చేతికొస్తే 2.4 పోయాలి. సీసాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వాసనా దాదాపు ఒకటే. ఇంట్లో తల్లులు "ఒక చెంచా వేశానండీ" అని చెప్పినప్పుడు, ఏ సీసా, ఎంత చెంచా అని మేం ఎందుకు అంత గుచ్చి గుచ్చి అడుగుతామో వాళ్ళకి అర్థం కాక విసుక్కుంటారు, వాళ్ళ తప్పేం లేదు.

దశాంశ బిందువు గురించి ప్రత్యేకంగా ఒక క్లాసే జరిగింది. అర అని రాయాలంటే చుక్క ముందు సున్నా పెట్టాలి, 0.5 అని. ఐదు రాయాలంటే చుక్కా సున్నా అసలు పెట్టకూడదు, ఉత్త 5 అని రాయాలి, ఎందుకంటే చుక్క సరిగ్గా పడకపోతే 5.0 కాస్తా 50 అవుతుంది. మందు లెక్కల పరీక్షలో మాకు నూటికి నూరూ రావాలి, ఒక్క మార్కు తగ్గినా మళ్ళీ రాయాలి. నా రూమ్మేట్‌కి ఆ పరీక్షంటే ఎంత టెన్షనంటే, హాస్టల్ గోడ నిండా కాగితాలు అంటించింది, అద్దం కనిపించక మేమందరం ఒకరి మొహం చూసి ఇంకొకరం జడ వేసుకునేవాళ్ళం.

కానీ ఆ లెక్కల్లోనే నాకు బాగా నచ్చినవి కూడా ఉన్నాయి. ఒంట్లోకి రోజుకి ఎంత ద్రవం కావాలనే లెక్క ఒకటుంది, హాలిడే, సెగార్ అనే ఇద్దరు డాక్టర్లు 1957లో రాసింది. మొదటి పది కిలోలకి కిలోకి 100 మిల్లీలీటర్లు, తర్వాత పది కిలోలకి 50, ఆ పైన ప్రతి కిలోకి 20. పద్నాలుగు కిలోల పిల్లాడికి వెయ్యీ ప్లస్ రెండొందలు, 1200. దాన్ని 24 గంటలకి పంచితే గంటకి 50. పిల్లల సెలైన్‌కి వాడే మైక్రోడ్రిప్ సెట్‌లో ఒక మిల్లీలీటరుకి 60 చుక్కలు పడతాయి, గంటకి 60 నిమిషాలు, కాబట్టి గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు! గంటకి 50 అయితే నిమిషానికి 50 చుక్కలు, ఇంకేం లెక్క అక్కర్లేదు. ఇది మొదటిసారి తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఎవరికి చెప్పినా నవ్వుతారు. నిజానికి మంచానపడ్డ పిల్లలకి ఆ లెక్క కట్టినంతా యథాతథంగా ఎక్కించరు, జబ్బుని బట్టి తగ్గిస్తారు, అసలు ఏ సెలైన్ ఎక్కించాలన్న దాని మీద తర్వాత చాలా చర్చ జరిగింది, అయినా లెక్క మొదలయ్యేది మాత్రం అక్కడే. లోపలికి వెళ్ళింది రాసినట్టే బయటికొచ్చిందీ రాయాలి. తడిసిన డైపర్‌ని తూచి, పొడి డైపర్ బరువు తీసేస్తే ఎన్ని గ్రాములో దాదాపు అన్ని మిల్లీలీటర్లు. చంటిపిల్లల వార్డులో రాత్రి డ్యూటీ అంటే సగం డైపర్ల తూకమే, ఇది డిగ్రీ చదువులో భాగమని మా బాబాయికి చెబితే నమ్మలేదు.

నర్సింగ్ చరిత్ర క్లాసు మధ్యాహ్నం పూట పెట్టేవాళ్ళు, అందరికీ నిద్రే. ఆ నిద్ర క్లాసులో విన్న ఒక్క సంగతి మాత్రం నాకు అప్పటినుంచీ గుర్తుండిపోయింది. 1956లో ఇంగ్లండ్‌లో ఎసెక్స్ ప్రాంతంలోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల విభాగాన్ని సిస్టర్ జీన్ వార్డ్ అనే నర్సు చూసుకునేది. ఎండ బాగున్న రోజుల్లో కొంచెం గట్టిగా ఉన్న పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి ఎండలో ఉంచే అలవాటు ఆమెకి, లోపలి ఉక్క కన్నా బయట గాలి మంచిదని ఆమె నమ్మకం. ఒకరోజు రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్లకి ఆమె కాస్త జంకుతూనే ఒక బిడ్డని చూపించింది. కామెర్ల బిడ్డ. ఒళ్ళంతా పసుపు తగ్గి పాలిపోయింది, ఒక్కచోట మాత్రం పచ్చగా అలాగే ఉంది. ఏం పూశావు అని అడిగారట డాక్టర్లు. ఏమీ పూయలేదు, దుప్పటి కప్పి ఉన్న చోటు తప్ప మిగతా చోట్ల ఎండ తగిలి పసుపు పోయింది. ఆ తర్వాత కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయిన రక్తం శాంపిల్‌లో బిలిరుబిన్, అంటే కామెర్లలో ఒంటికి పసుపు తెచ్చే పదార్థం, తగ్గిపోవడం కూడా బయటపడింది. అక్కడి డాక్టర్ రిచర్డ్ క్రీమర్, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి దీపాలతో ప్రయత్నించి 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ చూసినా కామెర్లున్న బిడ్డని పడుకోబెట్టే ఆ నీలం లైటుకి అదీ మొదలు.

ఆ క్లాసు అయిన కొన్నాళ్ళకే మాకు నవజాత శిశువుల వార్డులో రాత్రి డ్యూటీ పడింది. కళ్ళకి గంతలు కట్టి, డైపర్ తప్ప ఇంకేమీ లేకుండా పడుకోబెట్టి, గంతలు జారి ముక్కు మూయకుండా చూసుకుంటూ, పాలు సరిగ్గా అందుతున్నాయా, ఒళ్ళు వేడెక్కిందా అని చూస్తూ, పొద్దుటికి మన కళ్ళే నీలంగా అయ్యేవి. లైటు కింద ఉండగా ఒంటి రంగు చూసి కామెర్లు తగ్గాయని చెప్పకూడదు, రక్తపరీక్షే చెప్పాలి, ఇదొకటి వైవాలో తప్పకుండా అడిగేవాళ్ళు. బిడ్డని చూసీ చూసీ ఒక నర్సు కనిపెట్టిన వైద్యంలో మళ్ళీ కంటిని నమ్మొద్దనే రూలు రావడం నాకు భలే తమాషాగా అనిపిస్తుంది.

చూడటమంటే చూసినదాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడం కూడా అని తెలిసింది ఇంకో క్లాసులో. ఒకప్పుడు చాలా దేశాల్లో ఆసుపత్రిలో చేర్చిన పిల్లల దగ్గరికి తల్లిదండ్రుల్ని రానిచ్చేవాళ్ళు కాదు, వారానికి ఏ గంటో రెండు గంటలో అంతే. దానికి కారణం వింటే ఒళ్ళు మండుతుంది: అమ్మ వస్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే నెమ్మదిగా ఉంటారు. నిజమే, మొదట్లో ఏడ్చి ఏడ్చి కొన్నాళ్ళకి ఊరుకునేవాళ్ళు, నర్సులు "సర్దుకున్నాడు" అని రాసేవాళ్ళు. 1950ల్లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన వార్డుల్లో కూర్చుని పిల్లల్ని గమనించి అది సర్దుకోవడం కాదని చెప్పాడు. ముందు గోల, తర్వాత నిరాశ, ఆ తర్వాత అమ్మ వచ్చినా మొహం తిప్పేసుకునేంత దూరం. బ్రిటన్‌లో 1959లో వచ్చిన ప్లాట్ కమిటీ నివేదిక తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లలతో పాటు తల్లిని కూడా ఉండనివ్వాలని చెప్పింది. చెప్పిన వెంటనే అన్నిచోట్లా మారిపోలేదు లెండి, ఆసుపత్రులు ఎక్కడైనా ఆసుపత్రులే. ఏళ్ళ తరబడి అంతమంది అనుభవమున్న నర్సులు ఆ పిల్లల్ని రోజూ చూస్తూ కూడా అలా ఎలా పొరబడ్డారా అని నేను చాలా రోజులు ఆలోచించాను. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వార్డు నిశ్శబ్దంగా ఉంటే పని బాగా సాగుతుంది, అంతే.

నొప్పి సంగతీ ఇలాంటిదే. అప్పుడే పుట్టిన పిల్లలకి నొప్పి పెద్దగా తెలియదని 1980ల దాకా చాలామంది వైద్యులే నమ్మారు, సరైన మత్తు లేకుండా ఆపరేషన్లు కూడా జరిగాయి. ఆనంద్, హికీ అనే ఇద్దరు 1987లో ఆ నమ్మకం తప్పని సాక్ష్యాలన్నీ ఒకచోట చేర్చి ప్రచురించారు. మేం చదివే నాటికి నొప్పి కూడా ఒక చార్టు అయిపోయింది. మాటలు రాని పిల్లలకి మొహం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం, ఈ ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు, మొత్తం పదికి. మాటలు వచ్చిన పిల్లలకి నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా బొమ్మలు చూపించి నీది ఏది అని అడగటం. ఒక పిల్లాడు ప్రతిసారీ నవ్వు మొహాన్నే చూపించేవాడు, కాలు కదపలేకపోతున్నాడు, అయినా నవ్వు మొహమే. చివరికి వాళ్ళమ్మ అడిగితే చెప్పాడు, ఏడుపు బొమ్మ చూపిస్తే సూది వేస్తారట.

నాలుగైదేళ్ళ పిల్లలు జబ్బుని శిక్ష అనుకుంటారని పుస్తకంలో చదివినప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. సెలైన్ కోసం సూది గుచ్చుతుంటే ఒక పాప నా చెయ్యి పట్టుకుని, "అక్కా, తమ్ముణ్ణి ఇంకెప్పుడూ కొట్టను" అంది. అప్పటినుంచి సూది వేసే ముందు, నువ్వేం తప్పు చేయలేదమ్మా అని చెప్పడం నాకు అలవాటైంది, పుస్తకాల్లో కూడా అదే ఉంది, నేనేదో కొత్తగా కనిపెట్టలేదు. మా వార్డులో ఒక గుడ్డబొమ్మ ఉండేది, దాని చేతికి నిజం క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) పెట్టి, చుట్టూ టేపు వేసి ఉంచేవాళ్ళం. పిల్లలు ముందు దానికి సూది వేసేవాళ్ళు, దాన్ని తిట్టేవాళ్ళు, ఊరుకోబెట్టేవాళ్ళు. నొప్పి పెట్టదు అని మాత్రం చెప్పకూడదని గట్టి రూలు. "కొంచెం నొప్పి పెడుతుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది, ఏడవాలనిపిస్తే ఏడువు" అనాలి. ఒకసారి అబద్ధం చెప్తే తర్వాత వచ్చే ప్రతి నర్సూ దానికి అప్పు తీర్చాల్సి వస్తుంది.

అన్ని పోస్టింగులూ ఇంత గొప్పగా లేవు. ఒకచోట మమ్మల్ని చదువుకోడానికి వచ్చినవాళ్ళుగా కాకుండా ఖాళీలు నింపే మనుషులుగా వాడుకున్నారు, రోజంతా పక్కలు మార్చడం, శాంపిల్స్ మోయడం, సంతకాల దగ్గరికొచ్చేసరికి లాగ్ బుక్ ఎవరూ చూడరు. పొద్దున్నంతా నిలబడి, రాత్రి కేర్ ప్లాన్ రాస్తూ టేబుల్ మీదే నిద్రపోయి, మళ్ళీ ఆరింటికి యూనిఫామ్ ఇస్త్రీ. దాని గురించి ఇంకా రాస్తే ఏడుపు పోస్ట్ అవుతుంది.

బిడ్డ చనిపోయినప్పుడు ఏం చేయాలో క్లాసులో ఒక గంట చెప్పారు. మిగతాది వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గర నేర్చుకున్నాం. ఆవిడ ఒళ్ళు తుడిచేటప్పుడు కూడా బిడ్డని పేరు పెట్టి పిలిచేది, "ఇప్పుడు ఇటు తిప్పుతున్నానమ్మా" అని చెప్పి తిప్పేది. ఎవరికైనా కన్నీళ్ళు ఆగకపోతే వెళ్ళి మొహం కడుక్కుని రమ్మనేది, ఎందుకు ఏడ్చావని ఎప్పుడూ అడగలేదు.

మా బ్యాచ్‌లో ఇప్పుడు సగం మంది పిల్లల వార్డుల్లో లేరు. కొందరు పెద్దవాళ్ళ ఐసీయూకి వెళ్ళారు, కొందరు పూర్తిగా వదిలేశారు, వాళ్ళని తప్పుపట్టను. గోడ నిండా కాగితాలంటించిన నా రూమ్మేట్ మాత్రం ట్యూటర్ అయింది. మందు డోసు లెక్క చెప్పే యాప్ ఇప్పుడు ప్రతి స్టూడెంట్ ఫోన్‌లోనూ ఉంది, ఈవిడేమో ముందు కాగితం మీద చేత్తో చేసి, పక్కవాళ్ళ చేత విడిగా ఇంకోసారి చేయించి, రెండూ కలిశాకే ఫోన్ తీయండి అంటుందట. మొన్న మాట్లాడినప్పుడు ఇదేం చాదస్తమే అన్నాను, నీకు 2.4 ఎలా వచ్చిందో యాప్ చెప్తుందా అని నన్నే దబాయించింది. స్టూడెంట్లు ఆవిడకి ఏదో నిక్‌నేమ్ పెట్టారని తెలిసింది, ఏమిటో ఎంత అడిగినా చెప్పలేదు. మేం మా మేడమ్‌కి పెట్టినదానికంటే మర్యాదగా ఉంటుందనైతే నేను అనుకోను.